గొడుగాయన తాళాలగుత్తి

ఇప్పటికీ ఎవరి చేతిలోనైనా తాళాలగుత్తి కనబడితే నా ఒళ్ళు చల్లబడిపోతుంది. ఎందుకో చెప్పాలంటే ముందు నా పొగరు గురించి చెప్పాలి.

లిఫ్టు మెకానిక్కుగా ఇరవయ్యారేళ్ళ నుంచి ఒకే కంపెనీలో చేస్తున్నాను. కొత్తవాళ్ళు బ్రేకు విప్పి, లోపలి లైనింగు మందం గేజితో కొలిచి, కాగితం మీద రాసుకుని, మళ్ళీ బిగించేసరికి ఒక పూట గడిచిపోతుంది. నేను విప్పేవాణ్ణి కాదు. పొడుగు స్క్రూడ్రైవరు మొన మోటారు మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, లిఫ్టుని రెండుసార్లు పైకీ కిందికీ తిప్పించేవాణ్ణి. లైనింగు అరిగితే ఆగేటప్పుడు సన్నగా, దారప్పోగంత కూత వస్తుంది. అది లేకపోతే ‘సరిగా ఉంది’ అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. అలా విని సంతకం పెట్టే హక్కు మా కంపెనీలో నా ఒక్కడికే ఉండేది. అందుకే అందరూ నన్ను పాముచెవులాయన అనేవారు. పిలిచిన ప్రతిసారీ నేను రెండంగుళాలు పెరిగేవాణ్ణి.

మూడింటికి వర్క్‌షాపులో టీ. ఆ టీ బల్ల దగ్గర మూడు వారాలుగా ఒకటే తగువు: పాటలు కట్టేవాళ్ళలో అసలైన సృష్టి ఎవరిది? పేరుతో పిలిస్తే మాకు తృప్తి ఉండదు కాబట్టి అందరికీ ముద్దుపేర్లే. మా స్టోరాయనది కుర్చీల బ్యాండు. ఏ ఫొటోలో చూసినా ఆ నలుగురూ కుర్చీల్లో కూలబడి ఉంటారు. వాళ్ళు ఒకసారి వాడిన వాద్యాన్ని వరసగా రెండో పాటలో ముట్టుకోలేదని ఆయన వాదన. కొత్తగా చేరిన ఇంజనీరమ్మది చెప్పుల్లేనామె. వేదిక మీద వట్టి కాళ్ళతో నిలబడి, ఆ పాదాల చప్పుడే తాళంగా పాడుతుంది. పాదాలతో తాళం వేయడం సృష్టి అయితే మా వీధిలో సగంమంది సృష్టికర్తలేనని నేను ఎగతాళి చేశాను. ఆ పిల్ల కోపం తెచ్చుకోకుండా నవ్వి ఇంకో కప్పు పోసింది.

నాది గొడుగాయన. మొదటి రికార్డు అట్ట మీద ఇంట్లోనే గొడుగు వేసుకుని నిలబడ్డ పెద్దమనిషి. ఇంటికి రావలసిన మనిషి కోసం ఎదురుచూసే పాట ఒకటి కట్టాడు. ప్రతి చరణం తర్వాత వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో, మూసిన తలుపు అవతల, ఎంతో సన్నగా, తాళాలగుత్తి మోగుతుంది. మూడు చరణాలు, మూడుసార్లు. తలుపు మాత్రం తెరుచుకోదు. ఇరవై ఏళ్ళ వయసులో మొదటిసారి విన్నప్పుడు నేను నిజంగానే లేచి మా గది తలుపు తీసి చూశాను. ఇనపముక్కలతో మనిషిని లేపి నిలబెట్టినవాడికంటే గొప్పవాడు ఇంకెవడని నా వాదన. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఇంజనీరమ్మ నా మాట కాదనలేదు. కాకపోతే, నలభై ఏళ్ళ కిందట ఒక్కసారి చేసినదాన్ని పట్టుకుని వేలాడితే ఎలాగంది. ఎప్పటికప్పుడు తన అడుగు తనే చెరిపేసుకునేవాడే సృష్టికర్తట. ఆ మంగళవారం మాత్రం నా తరఫున సాక్ష్యం తానే తెచ్చింది. గొడుగాయన ముసలితనంలో ఒక సభలో అదే పాట పాడాడట, ఆ రికార్డింగు ఆమెకి దొరికిందట.

"మీకోసమే వెతికాను మేస్త్రిగారూ. వినండి, తర్వాత మాట్లాడుకుందాం" అంది.

మా బల్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. వేలు పంచాయితీ అంటాం. పాటలో ఫలానాది ఉందని ఎవరైనా అంటే, అందరం కళ్ళు మూసుకుని వినాలి, అది వినబడగానే వేలెత్తాలి. కళ్ళు మూసుకుంటే ఒకళ్ళని చూసి ఒకళ్ళు ఎత్తరు. ఓడినవాడు కప్పులు కడగాలి. ఆ పద్ధతి పెట్టింది నేనే. నేనెప్పుడూ కప్పులు కడగలేదు.

పాట మొదలైంది. గొంతు వణుకుతున్నా ఆయనే. మొదటి చరణం అయింది, వాద్యాలు ఆగాయి, తాళాలు మోగాయి, వేలెత్తాను. ఎదురుగా స్టోరాయన కిసుక్కున నవ్వాడు. ఓడిపోతున్నవాడి నవ్వనుకున్నాను. రెండో చరణం తర్వాత మళ్ళీ ఎత్తాను. మూడోసారి కూడా ఎత్తి, గెలిచానన్న ధీమాతో కళ్ళు తెరిచాను.

పాట ఆగలేదు. వాద్యాలు మాత్రమే ఆగాయి. ఎదురుగా ఇద్దరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. ఇద్దరి వేళ్ళూ గాల్లో ఉన్నాయి, దించడం లేదు. ఇంజనీరమ్మ మొహంలో, ఎవరో దగ్గరవాళ్ళు వస్తుంటే చూస్తున్నట్టు ఒక వెలుగు. నాకు మాత్రం ఏమీ లేదు. ఫ్యాను చప్పుడు, అంతే. ఆ నిశ్శబ్దంలోకి చెవులు రిక్కించి చూశాను. బావిలోకి తొంగి చూసినట్టుంది.

వాళ్ళు కళ్ళు తెరిచారు. ఆ సభలో గొడుగాయన మూడు చరణాలకీ తాళాలు మోగించకుండా జనాన్ని ఉగ్గబట్టి ఉంచి, అంతా అయిపోయాక చివర్న నిమిషంసేపు మోగించాడట. నేను ముందే మూడుసార్లు వేలెత్తడం ఓరకంట చూశానని, తీరా మోగినప్పుడు నా వేలు దించి ఉందని చెప్పి స్టోరాయన పడీపడీ నవ్వాడు. కావాలని చేశాననుకున్నాడు. ఇంజనీరమ్మ నవ్వలేదు.

"మీరు పాట వినట్లేదు మేస్త్రిగారూ, గుర్తు తెచ్చుకుంటున్నారు" అంది.

సరదాకే అంది. కప్పులు కడిగే వంకతో లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి, నడుముకి వేలాడే నా తాళాలగుత్తి తీసి చెవి పక్కన ఊపాను. పదిహేడు తాళాలు. చేతికి బరువు తెలిసింది, ఒకదానికొకటి తగలడం వేళ్ళకి తెలిసింది. చెవికి మొద్దుగా టకటకమనడం తప్ప ఏమీ తెలియలేదు. రెండో చెవి దగ్గరా అంతే. మా వీధిలో పిట్టలు అరవడం మానేశాయని పోయిన ఏడాది మా ఆవిడతో అన్నాను. చెట్లు కొట్టేశారు కదా, ఎటో పోయి ఉంటాయని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆవిడ నా వంక వింతగా చూసిన సంగతి కుళాయి దగ్గర గుర్తొచ్చింది. మాటలూ మోతలూ వినబడుతూనే ఉన్నాయి, సన్నటి చప్పుళ్ళే నన్ను వదిలి వెళ్ళిపోయాయి.

ఆ వెంటనే పొద్దుటి సంగతి కూడా గుర్తొచ్చింది.

మా అక్క ఉండేది ఆరో అంతస్తులో. నాకంటే ఆరేళ్ళు పెద్ద, తుంటి ఎముక విరిగాక చేతికర్రతో నడుస్తుంది. మెట్లు దిగలేదు. ఆ బిల్డింగు లిఫ్టు పాతది, మా కంపెనీ చూసేదే. వారం రోజులుగా లిఫ్టు ఆగేటప్పుడు కీచుమంటోందని అక్క భయపడి గడప దాటలేదు. ఆ పొద్దున నేనే వెళ్ళి స్క్రూడ్రైవరు పెట్టి విన్నాను. ఇరవయ్యారేళ్ళుగా వింటున్న నున్నటి మోతే వినబడింది. ‘సరిగా ఉంది’ అని రాశాను. అక్క తలుపు దగ్గర నిలబడి నిజంగానా అని రెండుసార్లు అడిగితే, నీ చెవులకి వయసొచ్చిందక్కా, లిఫ్టుకి కాదు అని నవ్వాను. అక్క కూడా నవ్వింది. అయితే నాలుగింటికి డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తానంది. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు, ఆ గింజని నేనే.

మూడూ నలభై అయింది. ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. అక్క ఫోను ఎప్పుడూ దిండు కిందే ఉంటుంది. పని గుర్తొచ్చిందని వాళ్ళకి అబద్ధం చెప్పి బయటపడ్డాను. కంపెనీ వ్యాను ఎవరో తీసుకెళ్ళారు. మూడు వీధుల దూరం, పరుగులాంటి నడక. నేను భయపడుతున్నది అక్క కోసమని నాకు నేను చెప్పుకుంటున్నాను, అది నిజమే. కానీ ఆ భయం కిందే ఇంకోటి ఉంది. ఎవరికీ తెలియకుండా వెళ్ళి మళ్ళీ ఒకసారి చూసొస్తే సరిపోతుంది కదా అనే ఆలోచన. అంత సిగ్గులేని ఆలోచన ఆ సమయంలో ఎలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.

రెండో వీధి మలుపులో కాళ్ళు ఆగిపోయాయి. వెళ్ళి ఏం చేస్తాను? మళ్ళీ అదే స్క్రూడ్రైవరు, మళ్ళీ అదే చెవి. ఉన్నా వినబడదు, లేకపోయినా వినబడదు. గేజి పెట్టి చేసి పదేళ్ళు దాటింది, నా సంచిలో గేజే లేదు. ఫోను తీసి ఇంజనీరమ్మకి చేశాను.

"అమ్మా, గేజి తీసుకుని అక్క వాళ్ళ బిల్డింగుకి రా. పొద్దున నేను రాసింది నమ్మకు. నాకు తాళాలు వినబడలేదు."

బయల్దేరుతున్నానంది, అంతే.

బిల్డింగు కింద హాల్లోకి వెళ్ళేసరికి నాలుగింటికి పది నిమిషాలుంది. లిఫ్టు తలుపు పైన అంకెల దీపాల్లో ఆరు వెలుగుతోంది. మెట్లెక్కుదామని మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. ఆరు ఆరిపోయి ఐదు వెలిగింది. అక్క ముందే బయల్దేరింది. కరెంటు మెయిను పైన డాబా మీది గదిలో ఉంది. నేను అక్కడికి చేరేలోపు లిఫ్టు కిందికి వచ్చేస్తుంది. మధ్యలో కరెంటు తీసేసినా, దాన్ని పట్టి ఆపాల్సింది ఆ బ్రేకే. ఇరవయ్యారేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, చేయగలిగింది ఒక్కటీ లేక ఆ దీపాల వంక చూస్తూ నిలబడ్డాను.

నాలుగు. మూడు. అరచెయ్యి తలుపుకి ఆనించాను. లోపల తాడు కదలడం చేతికి తెలుస్తోంది. అక్కా అని పిలిచానో, పిలిచాననుకున్నానో తెలియదు. రెండు. ఒకటి. ఆ తర్వాత తలుపు కింద సందులో వెలుతురు కనబడింది, వచ్చినట్టే వచ్చి ఇంకా కిందికి జారింది.

ఆగింది. తలుపు తెరుచుకుంది. లిఫ్టు నేల హాలు నేలకంటే జానెడు కిందికి దిగిపోయి ఉంది. అక్క మంచి చీర కట్టుకుని, కర్ర రెండు చేతులతో పట్టుకుని, గోడకి అంటుకుపోయి నిలబడి ఉంది. వంగి రెండు చంకల కిందా చేతులు వేసి పైకి లాగాను.

"కూసిందక్కా?" అన్నాను.

"కూసింది రా. ఈసారి మరీ గట్టిగా. నా చెవులేలే అనుకుని ఎక్కాను. నువ్వే అన్నావు కదా" అంది అక్క.

నన్ను తిట్టలేదు. నా మాట నిజమనే ఇంకా అనుకుంటోంది. అదే నాకు భరించరానిదైంది. ఆవిణ్ణి మెట్టు మీద కూర్చోబెట్టి, నా చెవులు పోయాయక్కా, నీవి కాదు అని చెప్పేశాను. అక్క చెయ్యి చాపి, చిన్నప్పుడు తుడిచినట్టే, కొంగుతో నా నుదురు తుడిచింది.

ఇంజనీరమ్మ స్కూటరు మీద వచ్చి, నా దగ్గర తాళాలగుత్తి తీసుకుని, మెట్లమీదుగా పైకి వెళ్ళింది. అరగంట తర్వాత నూనె చేతులతో దిగొచ్చి, పాత లైనింగు ముక్క నా అరచేతిలో పెట్టింది. గోరుమందం కూడా లేదు. రివెట్ల తలలు బయటపడి, ఇనుము ఇనుముని రాసుకుని మెరుస్తున్నాయి. కరెంటు తీసేశానని, ఇక ఎవరూ ఎక్కకుండా బోర్డు కట్టానని చెప్పింది. రిజిస్టరులో నా ‘సరిగా ఉంది’ కొట్టేసి, కింద తన చేతిరాతతో ఉన్నది రాసి, సంతకం పెట్టమని నాకే ఇచ్చింది. పెట్టాను.

తర్వాత తన సంచిలోంచి ఇంకో కాగితాల కట్ట తీసింది. వర్క్‌షాపులోంచి వచ్చేటప్పుడే తెచ్చిందన్నమాట. నేను విని సంతకం పెట్టిన లిఫ్టుల జాబితా అది. ఈ ఏడాదివే నలభైయొకటి. ఆసుపత్రిది ఉంది. పిల్లల బడిది ఉంది. పన్నెండంతస్తులది ఉంది. నేను ఆ మెట్టు మీద కూర్చుని ఉండగానే అవన్నీ జనాన్ని ఎక్కించుకుని పైకీ కిందికీ తిరుగుతున్నాయి, అన్నింటిలోనూ నా సంతకం ఉంది.

"నాకేం పరవాలేదు, పక్కింటివాళ్ళు వస్తారు. మీరు వెళ్ళి ముందు వాటిని ఆపండి" అంది అక్క.

ఇంజనీరమ్మ పెన్ను తీసి నా పక్కన కూర్చుంది.

"ఎప్పట్నుంచి వినబడట్లేదో గుర్తుంటే చెప్పండి మేస్త్రిగారూ. అక్కణ్ణుంచి మొదలెడదాం."

గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. నిన్న సాయంత్రం ఇంట్లో గొడుగాయన పాట పెట్టుకున్నాను. మూడు చరణాలకీ మూడుసార్లు తాళాలు మోగాయి. పోయిన నెలా మోగాయి. పోయిన ఏడాదీ మోగాయి.

"నాకు నిన్నటిదాకా బాగానే వినబడేవమ్మా" అన్నాను.

ఆమె జాబితాని మొదటి పేజీకి తిప్పి, మొట్టమొదటి లిఫ్టు పక్కన గుర్తు పెట్టింది.