నిమ్మచెట్టు కింద డస్టీ

పోస్ట్‌మ్యాన్ మోటార్‌సైకిల్ వీధి మలుపు తిరగ్గానే నోలీన్ పెరట్లో ఆవిడ కుక్క డస్టీ మొరిగేది. చచ్చిపోయాక కూడా మొరుగుతూనే ఉంది. కాకపోతే నిమ్మచెట్టు కింద మట్టిలోంచి. ఆస్ట్రేలియాలోని ఈ బెండిగో ఊళ్లో మా వీధివాళ్లెవరం దాన్ని పట్టించుకోలేదు. "ఊరుకోవే ముసల్దానా, కరెంటు బిల్లే తెచ్చాను!" అని కసిరి పోస్ట్‌మ్యాన్ తన దారిన తను పోయేవాడు.

నోలీన్ భయం వేరే. సొంత పెరడైతే కుక్కను లోతుగా తవ్వి పూడ్చుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. నోలీన్‌ది అద్దె పెరడు, యజమాని ఒప్పుకోవాలి. వద్దంటాడేమోనని ఈ పిచ్చి మనిషి అసలు అడగనే లేదు. ఇప్పుడా యజమాని ఇల్లు అమ్మేస్తాడట, ఏజెంటును వెంటబెట్టుకుని వస్తున్నాడు.

"మొరిగిందంటే నా పని అయిపోయినట్టే కోరల్! నన్ను పొమ్మంటే పోతాను. దాన్ని వదిలేసి ఎలా పోనూ?"

"రేడియో గట్టిగా పెట్టు," అంది పక్కింటి కోరల్. "ముందు నువ్వా వణుకు ఆపు. దొంగవని మొహమ్మీదే రాసుంది."

యజమాని రసెల్ వచ్చాడు. అరవై దాటిన మనిషి, చిన్నప్పుడు ఈ ఇంట్లోనే పెరిగాడు. ఏజెంటు పిల్ల గదిగదికీ ఫోటోలు తీస్తోంది. రేడియోలో క్రికెట్ హోరెత్తిపోతోంది. రసెల్ పెరటి మెట్టు దిగాడో లేదో, డస్టీ మొరుగుడు లంకించుకుంది.

"కుక్కను ఇక్కడ పాతిపెట్టారా? ఎవర్నడిగి?" అంది ఏజెంటు.

నోలీన్ వెళ్లి నిమ్మచెట్టుకు అడ్డంగా నిలబడింది. అంతలో బట్టలారేసే తీగల కింద, నేలలోంచి ఇంకో కుక్క మొరిగింది. బొంగురు గొంతు, ఇన్నేళ్లలో మేమెవరం విననిది. ఆ మొరుగు కాస్తా కుయ్యిమని ఏడుపైపోయింది.

"టింకర్!" అంటూ రసెల్ గడ్డిలో కూలబడ్డాడు. లోపల తోకాడిస్తున్నట్టు అతని అరచేతుల కింద నేల తపతపా కొట్టుకుంది.

"హాస్టల్నుంచి వచ్చేసరికి ఇది లేదు. పొలానికి పంపేశానన్నాడు మా నాన్న. అక్కడ గొర్రెల్ని కాసుకుంటూ హాయిగా ఉందన్నాడు." ముక్కు చీదుకున్నాడు. "ఇంత వయసొచ్చినా నమ్ముతూనే ఉన్నాను, వెధవని."

"కొనేవాళ్లకి ఏం చెప్పమంటారు?" ఏజెంటు నసిగింది.

"అమ్మట్లేదని చెప్పు."

తర్వాత నోలీన్ వైపు తిరిగాడు. ఆవిడ అప్పటికే ఏడుస్తోంది.

"ఎంత లోతు తవ్వారు?"

"మోకాలి లోతే. నా వల్ల అంతే అయింది."

"చాలదు, నక్కలు లాగేస్తాయి," అని రసెల్ కోటు విప్పి, పార ఎక్కడుందని అడిగాడు.