రమణమ్మ తోటలో వాటా

జనార్దనరావుకు గుడివాడలో ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. ఆయన భోజనానికి వెళ్ళే మధ్యాహ్నాల్లో భార్య ఇందిరాదేవి గల్లా దగ్గర కూర్చునేది. రెండువేల ఆరు ఎండాకాలంలో అలా కూర్చున్న ఒక రోజు, మోపిదేవి దగ్గర లంకలో కూరగాయలు పండించే రమణమ్మ వచ్చి వంగతోటకు మందు అడిగింది.

"రేపు పొద్దున్నే కోతండీ. ఈ సాయంత్రం కొట్టేస్తే పురుగు కనపడదు, కాయ నిగనిగలాడుతుంది."

"కాయలు ఏ ఊరు తీసుకెళ్తారు?"

"ఇంకెక్కడికండీ, ఈ ఊరి మార్కెట్టుకే."

ఇందిరాదేవి చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. ఆ పూట ఇంట్లో వండింది గుత్తివంకాయే.

"మీరూ అవే తింటారా?"

"అబ్బే, మాకు దొడ్లో విడిగా వేసుకున్నాం. వాటికి వేపపిండి, ఆవు పంచితం తప్ప ఏమీ వెయ్యం" అంది రమణమ్మ, దాపరికమేమీ లేకుండా. "ఏం చెయ్యమంటారు చెప్పండి. పుచ్చు కాయ మార్కెట్టులో ఎవరూ ముట్టుకోరు. తిరుగు బస్సు ఛార్జీకి కూడా రాదు."

ఇందిరాదేవి సీసా ఇచ్చి పంపింది గానీ, కూరల బుట్ట ముందు కూర్చున్నప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చేది. పై వారం రమణమ్మ మళ్ళీ వచ్చేసరికి ఆవిడ ఒక నిశ్చయానికి వచ్చేసింది.

"మీ ఇంటికి వేసుకున్నట్టే మాకూ వెయ్యండి రమణమ్మగారూ. మా వీధిలో కొన్ని ఇళ్ళవాళ్ళం కలిసి పంట మొదట్లోనే డబ్బిచ్చేస్తాం. వారం వారం తోటలో ఏది కాస్తే అది, ఎంత కాస్తే అంత పంచుకుంటాం. పుచ్చులకు పేచీ పెట్టం."

రమణమ్మ నమ్మలేనట్టు చూసింది. "గాలివాన వచ్చి పోతేనో?"

"మీతోపాటు మాకూ పోతుంది."

ఆ సంగతి తెలిసి జనార్దనరావు మండిపడ్డాడు. "నా కొట్లో కూచుని, నా సరుకు వాడొద్దని చెప్తావా? నలుగురూ నవ్వరూ?"

"మీ కొట్టు మీరు నడపండి. వంటిల్లు నేను నడుపుతాను" అని ఆవిడ చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళింది. ఇల్లిల్లూ తిరిగింది. కొందరు నవ్వారు, కొందరు ఆలోచించి చెప్తామన్నారు. పక్కింటి విజయకుమారి, కాలేజీ లెక్చరరు, అందరికంటే ముందు ఒప్పుకుంది. ఆవిడను చూసి మరికొందరు చేరారు.

ఆదివారం ఆదివారం మోపిదేవి మీదుగా వచ్చే అవనిగడ్డ బస్సు మీద గోతాలు దిగేవి. ఇందిరాదేవి వరండాలో ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని వాటాలు వేసుకునేవారు. చిల్లుల వంకాయలు చూసి మొహాలు ముడుచుకున్నవాళ్ళున్నారు. వరసగా సొరకాయలే వస్తుంటే విసుక్కున్నవాళ్ళున్నారు. అయినా బెండకాయ పులుసు రుచికి అందరూ సర్దుకున్నారు.

అక్టోబరు చివర వాయుగుండం పట్టింది. వాన తెరిపివ్వలేదు. ఆ ఆదివారం బస్సొచ్చింది గానీ గోతాలు రాలేదు. మర్నాడు రమణమ్మ ఫోను చేసింది.

"అంతా పోయిందమ్మా. తోటలో మోకాటిలోతు నీళ్ళు. మీ డబ్బు ఎలాగోలా తిరిగిచ్చేస్తాను. ఇంక నావల్ల కాదు. వెనకటిలాగే మార్కెట్టుకే వేసుకుంటాను."

ఇందిరాదేవి అందరినీ వరండాకు పిలిచింది. విజయకుమారి మొహమాటపడుతూనే అసలు మాట అనేసింది. "మనం కూరగాయలకిచ్చాం ఇందిరగారూ, వరదకి కాదుగా."

"వరదకీ ఇచ్చాం. పోతే మాకూ పోతుందని నేను మాటిచ్చాను. ఆ మాట మీ అందరికీ చెప్పాకే మీరు చేరారు. కాసినన్నాళ్ళూ వాటా కావాలి, పోయినప్పుడు మాత్రం అక్కర్లేదంటే, ఆవిడ మందు కొట్టక ఏం చేస్తుంది?"

విజయకుమారితో సహా సగంమంది ఇక చాలన్నారు. అయినా ఇందిరాదేవి, తోటలో నీళ్ళు తీశాయని తెలిసిన రోజునే, మిగిలినవాళ్ళలో ఇద్దరిని వెంటబెట్టుకుని అవనిగడ్డ బస్సెక్కింది.

లంకలో వంగమొక్కలు నల్లబడి వాలిపోయి ఉన్నాయి. కుళ్ళు వాసన గుప్పుమంటోంది. రమణమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. వాళ్ళను చూడగానే గబగబా లేచి, కొంగున ముడేసుకున్న నోట్లు విప్పబోయింది.

ఇందిరాదేవి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "అది విత్తనాలకుంచండి. ఏం వేస్తే తొందరగా చేతికొస్తుంది?"

"ఆకుకూరలు... తోటకూర, మెంతికూర. ముందీ చెత్తంతా పీకాలి కదమ్మా. కూలీలు దొరకడం లేదు."

"మేం ముగ్గురం ఉన్నాంగా."

ఇందిరాదేవి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని బురదలోకి దిగింది. రెండడుగులు వేసి కూలబడింది. రమణమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, ఆవిడను లేపి, తనూ దిగింది. పొద్దు వాలేలోగా నలుగురూ ఒక మడి శుభ్రం చేశారు.

బురద చీరతో ఇంటికొచ్చిన భార్యను చూసి జనార్దనరావు, "ఎందుకింత పంతం?" అన్నాడు. ఈసారి గొంతులో కోపం లేదు.

"పంతం కాదండీ. నేను రానంటే ఆవిడ మళ్ళీ మన కొట్టుకే వస్తుంది. ఆ కాయలు మళ్ళీ మన కంచంలోకే వస్తాయి."

ఆయన వేణ్ణీళ్ళు కాచడానికి లోపలికి వెళ్ళాడు.

డిసెంబరులో తోటకూర కట్టలు వచ్చాయి, తర్వాత మెంతికూర. రథసప్తమి నాటికి విజయకుమారి గుమ్మంలో నిలబడి, తనను మళ్ళీ చేర్చుకుంటారా అని అడిగింది. "కిందటిసారి మిమ్మల్ని చాలా నొప్పించాను" అంది. ఇందిరాదేవి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది. షరతు మాత్రం మార్చలేదు, ఎండైనా వరదైనా వాటా వాటాయే అంది. విజయకుమారి సరేనంది.

జనార్దనరావు పురుగుమందుల కొట్టు మానలేదు. ఆదివారం బస్సు ఆలస్యమైతే మాత్రం "ఇంకా రాలేదేం?" అని మొదట అడిగేది ఆయనే.

ఎండాకాలం పంటకు ముందు రమణమ్మ తనే గుడివాడ వచ్చింది. పక్కనున్న పొలం చెక్క కూడా కౌలుకు తీసుకున్నానని చెప్పి, వరండాలో అందరి మధ్యా కూర్చుని, "ఈసారి ఏం వేద్దాం?" అంది. ఒకరు కాకర అన్నారు, ఒకరు దోస అన్నారు, సొర మాత్రం వద్దని అందరూ ఒక్కసారే అరిచారు.

"సొర లేకపోతే ఎండల్లో మీకింకేం కాస్తుందమ్మా? రెండు పాదులైనా పెడతా" అని రమణమ్మ గట్టిగా చెప్పింది.