మనం అన్న మాట

డబ్బింగ్ గదిలో ఆ సీను మూడోసారి నడిచేసరికి మాటల రచయిత ఇక కూర్చోలేక లేచి నిలబడ్డాడు.

"మేము తలుపు తీసేసరికే ఆయన పోయారండీ," అంటూ తెరమీద విధవరాలు ప్లీడరు ఎదుట నిలబడి ఏడుస్తోంది. ఏడుపుకు వంక పెట్టడానికి లేదు, ముక్కు కూడా ఎర్రబడింది. కానీ ఆ మొదటి మాటతోనే కథ చచ్చి ఊరుకుంది.

కథ అతని పెద్దమ్మది. పడుచుదనంలో రాసిన అపరాధ పరిశోధన కథ. ఇప్పటికీ జనం ఒకరికొకరు చెప్పుకుంటారు. అందులో కత్తీ లేదు, వేలిముద్రలూ లేవు. హత్య జరిగిన రాత్రి తాను ఊళ్ళోనే లేనని ప్లీడరు బుకాయిస్తూ ఉంటాడు. ఆ ప్లీడరుతోనే, డిటెక్టివు వింటూండగా, విధవరాలు నోరుజారి "మనం తలుపు తీసేసరికే" అంటుంది. మనం అంటే ఎదురుగా ఉన్న ప్లీడరూ అందులో ఉన్నట్టే. ఆ ఒక్క మాట పట్టుకుని డిటెక్టివు ఇద్దర్నీ కటకటాల వెనక్కి నెడతాడు. అదే మేము అంటే? ఆవిడా ఏ వంటమనిషో కలిసి తలుపు తీశారనుకుంటాం. ఇక డిటెక్టివు పట్టుకోడానికి ఏముంది, నా మొహం!

పెద్దమ్మ ఇన్నేళ్ళూ ఏ టీవీ వాళ్ళనూ గుమ్మం ఎక్కనివ్వలేదు. చెల్లెలి కొడుకు మాటలు రాస్తున్నాడని తెలిశాకే మెత్తబడింది. "నువ్వున్నావు గనక ఇస్తున్నాన్రా. ఆ మాట ఒక్కటీ జాగ్రత్త," అంది. అతను జాగ్రత్తగానే రాశాడు. షూటింగులో ఆ నటి మేము అనేసింది. డైరెక్టరు ఓకే అనేశాడు.

ఆ డైరెక్టరును యూనిట్లో వెనకాల ఫ్లోగారంటారు. ప్రస్తుతం ఫ్లోగారు కుర్చీలో చేరగిలబడి చిప్స్ నములుతున్నారు.

"మేము అన్నా మనం అన్నా ఒకటేగా రచయితగారూ. ఫ్లోలో వచ్చేసింది. ఎంత బాగా ఏడ్చిందో చూడండి."

"ఒకటి కాదండీ. ఆ ముక్క ఒక్కటీ మళ్ళీ చెప్పిస్తే చాలు. పెదాల కదలికకు కూడా సరిపోతుంది."

"ఆవిడ వేరే షూటింగులో ఉంది. అయినా ఆ వ్యాకరణం ఎవడిక్కావాలండీ? క్లైమాక్సు చూడండి, అదిరిపోతుంది."

చూపించాడు. గోడ గడియారంలో కెమెరా ఉందట. హత్యంతా అందులో రికార్డయిపోయిందట. డిటెక్టివు రిమోటు నొక్కి, విధవరాలి చెంప ఛెళ్ళుమనిపించాడు. ఆ చెంపదెబ్బను మూడువైపుల నుంచి చూపించి, మూడుసార్లూ ఉరుము వేశారు. ఛీ! ఆలోచించి పట్టుకోవలసిన మనిషి చేత రిమోటు నొక్కించారు. రచయితకు ఒళ్ళంతా మురికి పూసినట్టు అసహ్యం వేసింది.

"నా పేరు తీసెయ్యండి," అన్నాడు.

ఫ్లోగారికి చీమ కుట్టినట్టయినా లేదు. "అలాగే. మీ పెద్దమ్మగారి పేరు మాత్రం పెద్దక్షరాల్లో వేస్తాం. ఆవిడ పేరు చూసే కదండీ జనం టీవీ ముందు కూర్చునేది."

రచయిత తలూపి బయటపడ్డాడు. పీడ వదిలిందనుకున్నాడు. పెద్దమ్మకు చెబుదామని ఫోను తీసి, ఇప్పుడే ఆవిడ మనసు పాడుచెయ్యడం ఎందుకులే అని జేబులో పెట్టేసుకున్నాడు.

ప్రసారమైన సాయంత్రం పెద్దమ్మ హాలు నిండా చుట్టాలూ ఇరుగుపొరుగువాళ్ళూ ఉన్నారు. ఆవిడ ఉతికిన చీర కట్టుకుని ముందు కుర్చీలో కూర్చుంది. విధవరాలు మేము అన్నప్పుడు చెవి ముందుకు పెట్టి, తాను సరిగ్గా వినలేదేమో అనుకుంది పాపం. కాసేపటికి గడియారంలో కెమెరా బయటపడింది, చెంపదెబ్బలూ ఉరుములూ అయిపోయాయి.

"ట్విస్టు భలే పెట్టారు అత్తయ్యా, మీకెలా తట్టింది?" అంది మేనకోడలు.

పెద్దమ్మ నవ్వలేదు. అందర్నీ సాగనంపి, తలుపు వేసి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"నీ పేరు వెయ్యలేదేంట్రా?"

"నేనే తీసేయించాను పెద్దమ్మా. ఆ చెత్త మీద నా పేరేమిటని అసహ్యమేసింది."

"ముందే తెలుసన్నమాట."

అతను తలూపాడు.

"మరి నా పేరు కూడా తియ్యమన్నావా?"

ఫ్లోగారి మీద అంత అసహ్యపడినవాడికి, ఆ మాట అడగాలని తోచనే లేదు.

"లేదు," అన్నాడు.