అడిగి చెరిపే కంప్యూటర్

మా అమ్మాయి కంప్యూటర్లో బొమ్మలుండవు. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. ఏం చేయించాలన్నా మాటలు కొట్టి చెప్పాలి. రోజంతా అవే మాటలు కొట్టలేక షార్ట్‌కట్లు పెట్టుకుంది. ఒక అక్షరం కొడితే నిన్న ఆపిన పని తెరుచుకుంటుంది. రెండు కొడితే చేసిందంతా ఆఫీసుకు వెళ్ళిపోతుంది. ఫైళ్ళు చెరపడానికీ రెండే అక్షరాలు.

ఆ సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. కొత్త ఉద్యోగం, ఇంకా పర్మనెంటు కాలేదు. తుమ్మొచ్చి వేలు జారితే గతేమిటని అడిగాను. తుమ్మితే సరిగ్గా ఆ రెండక్షరాలే పడవంది. పడితేనో అని వారం రోజులు అడిగాను. నా పోరు పడలేక, చెరిపే ముందు ఒక్కో ఫైలుకూ "చెరిపేయనా?" అని అడిగేలా దాన్ని మార్చింది. నా ప్రాణం కాస్త కుదుటపడింది.

ఆ తర్వాత తనకదే అలవాటైంది. అక్కర్లేనివి ఏరే ఓపిక లేక, అన్నీ చెరిపెయ్యమని కొట్టేది. అది అడుగుతుంటే, ఉంచుకోవాల్సిన వాటి దగ్గర వద్దనేది.

మొన్న మంగళవారం తన కంప్యూటర్ రిపేరుకు వెళ్తే ఆఫీసుకెళ్ళి, అక్కడ అందరూ వాడే కంప్యూటర్ ముందు కూర్చుంది. అలవాటుగా అన్నీ చెరిపెయ్యమంది. దానికి అడగడం ఎవరూ నేర్పలేదు. నలుగురు పొద్దుట్నుంచీ చేసిన పని రెప్పపాటులో పోయింది.

మెట్ల మీద నుంచి నాకు ఫోన్ చేసింది. ఎవరూ చూడలేదంది. అయితే నోరు మూసుకుని కూర్చోమన్నాను. కంప్యూటర్లు పాడవడం లోకంలో లేనిదా అన్నాను.

"వాళ్ళు సాయంత్రం దాకా వెతుక్కుంటారమ్మా. నాకు తెలిసీ చూస్తూ కూర్చోనా?"

"ఉద్యోగం పోతే?"

"పోతే ఇంటికొస్తా. రోజంతా నన్ను కనిపెట్టుకుని ఉండొచ్చు నువ్వు."

వెళ్ళి తన పైఅధికారికి చెప్పేసింది. మళ్ళీ ఫోన్ రావడానికి రెండు గంటలు పట్టింది. బీరువాలో బట్టలన్నీ విప్పి మడతపెట్టాను, రెండుసార్లు.

ముందురోజు కాపీ ఒకటి ఉందట. ఆ నలుగురితో కలిసి తనూ కూర్చుని పొద్దుటి పని మళ్ళీ చేసింది. ఉద్యోగం పోలేదు. పర్మనెంటు చెయ్యడం మాత్రం మూడు నెలలు వెనక్కి జరిపారు.

తన కంప్యూటర్ రిపేరై ఇంటికొచ్చాక ఆ అడిగే ఏర్పాటు తీసేసింది. ఇప్పుడు ఒక్కో ఫైలు పేరూ పూర్తిగా కొట్టి, రెండుసార్లు చదువుకుని చెరుపుతుంది.

అంతేసి పేర్లు కొడితే వేళ్ళు పట్టేస్తాయేమోనని తన గది గుమ్మంలోంచి అన్నాను. తను లేచి తలుపు దగ్గరగా వేసుకుంది.