కాంటా మీద మూడు నెలలు

నా భార్య ఇందిర పోయాక వద్దనేవాళ్ళు లేక, మార్చి మూడున ఆరు జిలేబీలు తిన్నాను. ఆ వారమే వికారాబాద్‌లో పరీక్షలు చేసి డాక్టరమ్మ చెప్పింది: "షుగర్ పెరిగింది, పొట్ట లోపల కొవ్వు పేరుకుంది. మూడు నెలలు వడిగా నడవండి. షుగర్ తగ్గకపోతే మాత్రలే."

తాండూరులో రోజూ పొద్దున్నే నడిచొచ్చి, నా దుకాణంలో కందులు తూచే కాంటా ఎక్కేవాణ్ణి. మూడు నెలలైనా మొదటి రోజున్న డెబ్బై ఎనిమిది కిలోలే. ఇక నడక మానేస్తానన్నాను.

హమాలీ ఎల్లప్ప నవ్వాడు. "నువ్వేమన్న కందుల బస్తవా సేటూ? జర బెల్టు జూడు, రెండు బొక్కలు లోపలికొచ్చింది."

రక్తపరీక్షలో షుగర్ కూడా దిగింది. "బరువు తగ్గకపోయినా, నడకతో లోపలి కొవ్వు కరుగుతుంది," అంది డాక్టరమ్మ.

సాయంత్రం వికారాబాద్ నుంచి నేనొచ్చేదాకా ఎల్లప్ప దుకాణంలోనే కూర్చున్నాడు.

"గోలీలు రాసిందా?"

"రాయలేదు."

"మంచిగైంది. రేపు నడువనీకి నేను గూడ వస్త," అని దుకాణం తలుపు మెల్లగా మూశాడు.