చీకటి మాస్టారి అంకె

వెలుగును కొలిచే ఆ పాత మీటరును ఉంచాలా, తుక్కులో వేయాలా అన్నది ఒక్క అంకె మీద ఆధారపడింది. అది పసిగట్టగల అతి చిన్న వెలుగు ఒక పికోవాట్, అంటే వాట్‌లో లక్ష కోట్లవ వంతు అని ఇరవై ఆరేళ్ల క్రితం చీకటి మాస్టారు రిజిస్టరులో రాశారు. "ఆ అంకె ఇప్పటికీ వస్తే ఉంచుదాం మేడమ్. రాకపోతే పంపించేద్దాం," అన్నాడు ల్యాబుకు కొత్తగా వచ్చిన అధికారి. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదకే, మాస్టారి దగ్గర పని నేర్చుకున్న ఆమెకు ఒళ్లు మండింది.

మాస్టారికి ఆ పేరు పెట్టింది ఆమే, ఉద్యోగంలో చేరిన కొత్తలో. ఆయన మీటరుకు మూత బిగించి, లైట్లార్పి, అరగంట అందరినీ కిక్కురుమనకుండా కూర్చోబెట్టేవారు. మెరిసే ముళ్ల గడియారాలుంటే విప్పి సొరుగులో పెట్టాల్సిందే. ఒకసారి స్టోర్‌కీపర్ ఆ చీకట్లో గుర్రుపెట్టి నిద్రపోతే, "ఈయన్ని కూడా సొరుగులో పెట్టండి," అన్నారు. వెలుగు లేకపోయినా మీటరు సున్నా దగ్గర కుదురుగా ఉండదు, అటూ ఇటూ ఊగుతుంది. వంద రీడింగులు తీసి ఆ ఊగులాట ఎంతో లెక్కగట్టాలి. దానికి మూడింతలు దాటిన వెలుగునే నమ్మాలి; ఆ మూడింతలే రిజిస్టరులోకెక్కే అంకె. ఎంత మంచి రోజులవి! నేర్చుకుంటున్నామన్న సంగతి కూడా తెలిసేది కాదు.

ఇవాళ ఆమె ఒక్కతే కూర్చుని వంద తీసింది. పదకొండు పికోవాట్లు వచ్చింది. మళ్లీ తీస్తే పన్నెండు. మాస్టారికి ఫోన్ చేసింది.

"మూత ఏది పెట్టావు?"

"నల్ల ప్లాస్టిక్‌ది మాస్టారూ. ఇప్పుడన్నీ అవే."

"గదిలోకి ఎండ వస్తోందా?"

"గాజు తలుపులోంచి కొంచెం. మూత ఉందిగా అనుకున్నాను."

"బాగానే అనుకున్నావు! నీ కంటికి నలుపైతే దానికీ నలుపేనా అమ్మాయ్? మన కంటికి కనపడని వెలుగు ఆ ప్లాస్టిక్‌లోంచి దూరిపోతుంది. ఇత్తడి మూత వెతుకు."

నాలుక కరుచుకుంది. డబ్బాలన్నీ గాలించి ఇత్తడి మూత పట్టుకుంది, తలుపుకు దుప్పటి కట్టింది. ఈసారి రెండు వచ్చింది. మూడుసార్లు తీసినా రెండే. ఎక్కువగా ఊగిన తొమ్మిది రీడింగులు కొట్టేస్తే ఒకటికి దిగుతుంది. ఎవరూ అడగరు. చెయ్యి ఆడక మళ్లీ ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పింది.



"రీడింగులు వదిలెయ్యడం నేనెప్పుడు నేర్పాను నీకు?"

"మీ మీటరు పోతుంది మాస్టారూ."

"పోనీలేమ్మా. దానికీ వయసైపోయింది, నాకూ అయిపోయింది. వంద తీశావు కదా, వందా రాయి."

వందా రాసింది. కింద రెండు అని వేసి, సంతకం పెట్టి, అధికారి బల్ల మీద పెట్టింది.

"అయితే ఆయన రాసింది తప్పా మేడమ్?"

"తప్పు కాదు బాబూ. అప్పుడు ఒకటే వచ్చేది," అంది. వెళ్లి, తలుపుకు కట్టిన దుప్పటి విప్పింది.