పదహారు నిమిషాల ముందు

భూగోళశాస్త్ర విభాగంలో సెమినారు ఉన్న రోజున గంటమ్మ మూడు పనులు తప్పకుండా చేసేది. చేతి గడియారాన్ని బల్ల మీది గడియారంతో సరిచూసుకునేది. ఇత్తడి గంటను మెత్తటి గుడ్డతో తుడిచేది. ఇంటికి తాళం వేశానా లేదా అని సంచిలో తాళంచెవి తడుముకునేది. మూడోదానికి సెమినారుతో ఏ సంబంధమూ లేదు. కానీ అది చెయ్యకపోతే మొదటి రెండూ చేసినట్టే అనిపించేది కాదు.

ఆమె అసలు ఉద్యోగం టైపు చెయ్యడం. పదో తరగతితో చదువు ఆగిపోయి, ముప్ఫై ఒక్క ఏళ్ళ క్రితం ఆ విభాగంలో చేరింది. మొదట అక్షరాలు చూసి కొట్టేది. కొన్నాళ్ళకి మాటలు చూసింది. ఇంకొన్నాళ్ళకి, కొడుతున్నదేమిటో అర్థం చేసుకోకపోతే వేళ్ళు కదలని స్థితికి వచ్చింది. తెలియని మాట వస్తే కాగితం చివర రాసుకుని, మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్ళి నిఘంటువు తిరగేసేది. అలా మట్టి గురించీ, గాలుల గురించీ, నదుల గురించీ ఆమెకి తెలిసినంత ఆ భవనంలో జీతం తీసుకునే కొందరు లెక్చరర్లకి కూడా తెలియదని మైకు బాబాయి అనేవాడు. మైకు బాబాయి అంటే సెమినారు హాల్లో మైకులూ దీపాలూ చూసే మనిషి. ఎప్పుడూ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని వెనక గాజు గదిలో కూర్చుంటాడు.

గంట ఆమె చేతికి రావడానికి కారణం మాస్టారు. అప్పట్లో ఆయన విభాగానికి హెడ్డు. బయటినుంచి వచ్చిన ఒక పెద్దాయన నలభై నిమిషాల ఉపన్యాసాన్ని రెండుంపావు గంటలు సాగదీసి, విన్నవాళ్ళకి నడుములు పట్టేసి, చెప్పినాయనకి గొంతు పట్టేసిన మర్నాడు, మాస్టారు ఒక ఇత్తడి గంట కొనుక్కొచ్చి టైపు మిషను పక్కన పెట్టారు.

"నువ్వు ఎవరికీ భయపడవు కదమ్మా?"

"అందరికీ భయపడతానండీ."

"అయితే నువ్వే సరైన మనిషివి. భయం ఉన్నవాళ్ళే టైము చూసుకుంటారు."

ఆ రోజునుంచి ఆమె అసలు పేరు జీతాల పట్టీలో మిగిలిపోయింది. అందరికీ గంటమ్మే. ముప్ఫై అయిదో నిమిషానికి ఒక దెబ్బ. నలభయ్యో నిమిషానికి రెండు. అప్పటికీ ఆపకపోతే మైకు బాబాయి మైకు తీసేస్తాడు. ఎంతటివాళ్ళకైనా అదే లెక్క. ఒకసారి వైస్ ఛాన్సలరుగారు హాస్యం చెబుతూ, నవ్వు రావలసిన చోటికి రెండు మాటల దూరంలో ఉండగా కొట్టేసింది. ఆ హాస్యం ఏమిటో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

అంత కచ్చితంగా ముగింపులు పలికించే మనిషికి సొంతంగా ముగింపులంటే పడదు. చెల్లెలు పెళ్ళయి వెళ్ళిన రోజు, రైలు కిటికీ దగ్గర ఏదో చెబుతూ ఉండగా బండి కదిలిపోయింది. సగం మాట నోట్లోనే ఉండిపోయింది. అమ్మ పోయినప్పుడు తను ఆసుపత్రి కింద మందుల చీటీ పట్టుకుని వరసలో నిలబడి ఉంది. అప్పటినుంచీ ఎవరైనా వెళ్ళిపోతున్నారంటే గంటమ్మ అయిదు నిమిషాల ముందే ఆ గదిలోంచి మాయమైపోయేది. వీడ్కోలు సభలకి పత్రాలు టైపు చేసిపెట్టేది కానీ కూర్చునేది కాదు.

ఈసారి సెమినారు మాస్టారిది. రిటైరై తొమ్మిదేళ్ళయినా క్యాంపస్ పక్క వీధిలోనే ఉంటూ వచ్చారు. ఆ మధ్యాహ్నమే భార్యతో సహా వేరే ఊరికి మారిపోతున్నారు, మరదలి ఇంటి దగ్గర చిన్న వాటాలోకి. అందుకని ఇప్పటి హెడ్డు, ఒకప్పుడు ఆయన శిష్యుడే, చివరిసారిగా మాట్లాడమని అడిగాడు. ఉదయం పదకొండింటికి. విషయం, నదులు దారి మార్చుకోవడం. పది పేజీల వ్యాసం గంటమ్మే టైపు చేసింది.

పదింటికి ఆమె గంట తుడుస్తూ ఉంటే మాస్టారి భార్య గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"ఏం అక్కయ్యగారూ, అప్పుడే వచ్చారు? మాస్టారేరి?"

"లైబ్రరీలో కూర్చోబెట్టి వచ్చాను. నీతో ఒక మాట చెప్పాలి. నీ కడుపులో పెట్టుకుంటావా?"

ఎవరైనా తలుపు వేసి మాట్లాడితే గంటమ్మకి ముందు చావులే గుర్తొస్తాయి. కుర్చీ లాగింది.

"ఆయనకి మధ్య మధ్యలో దారి తప్పుతోందే. రెండేళ్ళుగా. పాతవన్నీ అరటిపండు ఒలిచినట్టు చెబుతారు. ఎవరైనా అడిగితే ఇంకా బాగా చెబుతారు. కానీ ఒంటరిగా వరసలో చెప్పుకుపోవాలంటేనే తిరకాసు. వారం నుంచి ఇంట్లో చెప్పుకుంటున్నారు. నాలుగో పేజీ చివరికి వస్తారు. అక్కడ మళ్ళీ మూడో పేజీకి పోతారు. నిన్న నాలుగుసార్లు తిరిగారు, గానుగెద్దులాగా. నేను పిలిస్తే తప్ప బయటికి రాలేదు."

గంటమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆ చోటు ఆమెకి తెలుసు. 'ఇక నది ఏం చేస్తుందో చూద్దాం' అన్న వాక్యం రెండో పేజీ చివరా ఉంది, నాలుగో పేజీ చివరా ఉంది. టైపు చేస్తున్నప్పుడే కంటికి తగిలింది. ఒకటి మార్చమని అడుగుదామనుకుంది. మాస్టారి రాతలో ఒక్క అక్షరం కదపడానికి తనెవరని ఊరుకుంది.

"కాగితం చూసి చదవమని చెప్పండి అక్కయ్యగారూ."

"చెప్పకేం? 'చూసి చదవడానికి నేనేమన్నా వార్తలు చదివేవాడినా' అంటారు. జీవితంలో ఎప్పుడూ కాగితం ముట్టలేదట, ఇప్పుడు ముట్టుకుంటారా?"

"పోనీ హెడ్డుగారికి..."

"ఒద్దు. ఒక్కడికి తెలిస్తే నూరుమందికి తెలుస్తుంది. ఇవాళ మధ్యాహ్నమే వెళ్ళిపోతున్నాం. ఈ హాల్లో వాళ్ళు ఆయన్ని ఎలా చూశారో అలాగే గుర్తుంచుకోవాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు." ఆమె గంట మీద వేలు పెట్టింది. "తిరగడం మొదలుపెడితే కొట్టెయ్. టైమైపోయిందని."

"టైము కాకుండానా?"

"కాకుండానే."

"అమ్మో! నావల్ల కాదు అక్కయ్యగారూ. ముప్ఫై ఏళ్ళు... అరనిమిషం తేడా రాలేదు. ఇది ఆయన ఇచ్చిన గంట."

"అందుకే నిన్ను అడుగుతున్నా," అంది మాస్టారి భార్య. అని తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

పదకొండింటికి హాలు నిండింది. మాస్టారు ఇస్త్రీ చొక్కాలో, చేతిలో సుద్దముక్కతో నిలబడ్డారు. కాగితాలు బల్ల మీద బోర్లించి ఉన్నాయి.

"ఏమ్మా గంటమ్మా, గంట పనిచేస్తోందా?"

"చేస్తోంది మాస్టారూ."

"నా మీద రెండు దెబ్బలు కొట్టే అవసరం ఎప్పుడన్నా వచ్చిందా?"

"ఎప్పుడూ రాలేదండీ." అది నిజం. ముప్ఫై తొమ్మిదో నిమిషంలో ముగించి, గంట వైపు చూసి కన్ను గీటడం ఆయన అలవాటు.

ఆయన మొదలుపెట్టారు. గంటమ్మ చెవితో వింటూ మనసులో పేజీలు తిప్పుతోంది. మొదటి పేజీ. రెండో పేజీ. తిన్నగా పారే నది లేదన్నారు. ఎంత చిన్న రాయి అడ్డం వచ్చినా ఒక పక్కకి ఒరుగుతుందన్నారు. ఒరిగిన పక్క ఒడ్డు కోస్తుంది, రెండో పక్క ఇసుక వదులుతుంది. ఇక నది ఏం చేస్తుందో చూద్దాం. మూడో పేజీ. వంపు పెరగడం. కోసిన మట్టి ఎటు పోతుందో, ఒడ్డు పొలాలవాళ్ళ తాతలు ఎన్నిసార్లు గట్టు వెనక్కి జరిపారో. హాలు కిక్కురుమనడం లేదు. నాలుగో పేజీ. గంటమ్మ గంటను దగ్గరికి జరుపుకుంది.

పదహారో నిమిషం. "ఇక నది ఏం చేస్తుందో చూద్దాం," అన్నారు మాస్టారు. ఒక్క క్షణం ఆగారు. ఐదో పేజీ మొదటి మాట 'వరద'. గంటమ్మ పెదవులు ఆ మాట కోసం తెరుచుకున్నాయి.

"వంపు పెరగడం ఎలా జరుగుతుందంటే..." అన్నారాయన.

మూడో పేజీ.

ఎవరూ కదల్లేదు. పెద్దవాళ్ళు ముఖ్యమైనది రెండుసార్లు చెబుతారనుకున్నారు కాబోలు, ముందు వరసలో ఒకమ్మాయి తను రాసుకున్నదాని కింద గీత కూడా గీసింది. మూడో వరసలో మాస్టారి భార్య ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తోంది. గంటమ్మ ఆగింది. దాటేస్తారేమో. నిన్న ఇంట్లో తప్పారు, ఇవాళ హాల్లో దాటేస్తారేమో. ఇరవయ్యో నిమిషంలో, ఒడ్డు పొలాలవాళ్ళ తాతలు మళ్ళీ గట్టు జరుపుతుంటే, గీత గీసిన అమ్మాయి కలం ఎత్తి పక్క అమ్మాయి వైపు చూసింది. హెడ్డు కాలు మీద కాలు మార్చుకున్నాడు. గంటమ్మకి రైలు కిటికీ గుర్తొచ్చింది. బండి కదలబోతోందని ముందే తెలిస్తే ఆ మాట పూర్తిచేసి ఉండేదా? ఇప్పుడు తెలుసు. బండి కదిలించాల్సింది కూడా తనే.

ఇరవై నాలుగో నిమిషం. "ఇక నది ఏం చేస్తుందో చూద్దాం," అన్నారు మాస్టారు.

గంటమ్మ కొట్టింది. ఒకటి. రెండు.

మాస్టారు ఉలిక్కిపడి చూశారు. కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "అప్పుడేనా?"

"అయిందండీ మాస్టారూ."

"అదేమిటి? నది ఏం చేస్తుందో చెప్పనివ్వవా?"

"ప్రశ్నల్లో చెప్పండి మాస్టారూ. ఎవరో ఒకరు అడుగుతారు."

హాలంతా ఘొల్లున నవ్వింది. మంచి చోట ఆపావు గంటమ్మా అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఉపన్యాసం ఆలస్యమైతేనే జనం గడియారం చూసుకుంటారు, తొందరగా అయిపోతే ఎవరూ చూసుకోరు. చూసుకున్నవాడు ఒక్కడే, హెడ్డు. అతని కనుబొమలు ముడిపడ్డాయి. నోరు తెరిచేలోగా గీత గీసిన అమ్మాయి లేచింది.

"నది ఏం చేస్తుంది మాస్టారూ?"

ఇక ఆయన్ని పట్టడం ఎవరి తరం? బోర్డు దగ్గరికి నడిచి, సుద్దముక్కతో మెలికలు తిరిగిన నదిని గీశారు. వంపు రెండు చివరలూ దగ్గరకొచ్చి మధ్యన సన్నటి మెడ మిగలడం చూపించారు. ఒక పెద్ద వరద వచ్చిన రోజున నది ఆ మెడను తెంచుకుని తిన్నగా పోతుందనీ, వెనక విడిచిపెట్టిన వంపు చంద్రవంకలాంటి సరస్సుగా అక్కడే ఉండిపోతుందనీ చెప్పారు. ఇంకొకరు అడిగారు, దానికీ చెప్పారు. మరొకరు పెంకిగా అడిగితే, "నాయనా, నువ్వు అడిగేది నదినా, నీ పరీక్ష పేపరునా?" అన్నారు. ఇరవై అయిదు నిమిషాల్లో ఒక్క మాట వెనక్కి పోలేదు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారందరూ. మాస్టారి భార్య కొట్టలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

జనం టీల వైపు కదిలాక హెడ్డు వచ్చాడు.

"గంటమ్మగారూ, ఇరవై నాలుగు నిమిషాలకే కొట్టారు. ముప్ఫై అయిదో నిమిషం దెబ్బ అసలు లేనే లేదు. ఏమైంది?"

"గడియారం పరుగెత్తిందండీ."

"రెండూనా?"

గంటమ్మకి అబద్ధం ఆడటం కొత్త, దానికి రెండో అంతస్తు కట్టడం ఇంకా రాదు.

అతను నిట్టూర్చాడు. "మా గురువుగారి ఆఖరి ఉపన్యాసం అండీ. ఇంకో రోజైతే సరిపెట్టుకునేవాణ్ణి. వచ్చే సెమినారునుంచి తెర మీద అంకెలు పడే ఏర్పాటు చేద్దాం. మీక్కూడా శ్రమ తప్పుతుంది."

"అలాగేనండీ," అంది. రిటైరవ్వడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. ఆ ఎనిమిది నెలలూ వట్టి టైపిస్టు.

గాజు గదిలోంచి మైకు బాబాయి వచ్చి వైర్లు చుట్టుకుంటూ పక్కన నిలబడ్డాడు.

"గడియారం పరుగెత్తిందా?"

"ఆఁ."

"నా చెవుల్లో ఆ తాతలు రెండుసార్లు గట్టు జరిపారు. మూడోసారి మొదలైతే మైకు చెడిపోయిందని తీసేద్దామని చెయ్యి వేసి కూర్చున్నా. నువ్వే ముందు కొట్టావు."

గంటమ్మ గభాలున అతని చెయ్యి పట్టుకుంది. "ఎవరికీ చెప్పకు బాబాయ్."

"చెప్పడానికేముంది? నీకు గడియారం చూడటం రాదని ఊరంతా చెబుతా, సరేనా?"

కింద మెట్ల దగ్గర కారు ఆగి ఉంది. వెనక సీట్లో పెట్టెలూ, ఒక చుట్టిన పరుపూ. అలవాటు ప్రకారం గంటమ్మ కాళ్ళు వెనక వరండా వైపు తిరిగాయి. టైపు గదిలో కూర్చుంటే ఇంజను చప్పుడు కూడా వినిపించదు. రెండడుగులు వేసింది. సంచిలో తాళంచెవి తడుముకుంది. ఉంది. వెనక్కి తిరిగి మెట్లు దిగింది.

మాస్టారు కారు తలుపు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమెని చూసి మొహం తిప్పుకున్నారు.

"ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా నీ చేత రెండు దెబ్బలు కొట్టించుకోలేదు. ఆఖరిరోజున కొట్టావు. ఇంకా ఆరు పేజీలున్నాయి తెలుసా?"

"తెలుసు మాస్టారూ. నేనే కదా కొట్టింది... టైపు."

"తెలిసీ ఆపావు!"

"ఎక్కండి, ఎండ," అంది భార్య. ఆయన ఎక్కారు. ఆమె రెండో వైపు ఎక్కబోతూ, కారు మీదుగా గంటమ్మ వైపు చూసి తల మాత్రం ఊపింది. అంతకన్నా ఎక్కువ ఊపితే ఆయనకి కనిపిస్తుంది.

డ్రైవరు బండి తీశాడు. అద్దం దిగింది. మాస్టారు ముందుకే చూస్తూ, "హెడ్డు చెప్పాడులే. ఆ గడియారం బాగుచేయించుకో," అన్నారు.

"అలాగే మాస్టారూ," అంది గంటమ్మ. ఈసారి మాట మధ్యలో తెగలేదు. కారు గేటు దాటి, మలుపు తిరిగి, కనిపించకుండా పోయేదాకా అక్కడే నిలబడింది. తర్వాత హాల్లోకి వెళ్ళి, మైకు బాబాయి బోర్డు మీది నదిని తుడవబోతుంటే రేపటిదాకా ఉంచమని చెప్పి, గంటను మెత్తటి గుడ్డలో చుట్టింది.